చేతులు కాలిన తరువాత

"చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు" అని మన భాషలో ఒక సామెత ఉన్నది. సమయం మించిన తరువాత చేసే ప్రయత్నం వ్యర్థమని దాని తాత్పర్యం. తెలుగు అధ్యాపకుడిగా ఈ సామెతను సొంత వాక్యంలో ప్రయోగించమని నేను ఎందరో విద్యార్థులను అడిగాను. వారు వ్రాసిన వాక్యాలకు మార్కులు వేశాను. కాని గత విద్యా సంవత్సరంలో ఒక విద్యార్థి నా బల్ల ముందు నిలిచి అందించిన అర్జీ, ఈ సామెతను నేను మళ్ళీ చదువుకొనేటట్లు చేసింది.

అది వార్షిక పరీక్షలలో తన బదులు వ్రాయడానికి సహాయకుని అనుమతించవలసిందిగా కోరుతూ వ్రాసిన అర్జీ. ఎడమ చేతితో వ్రాసినందున అక్షరాలు వంకరలు పోయి ఉన్నవి. కుడిచేతికి తెల్లని కట్టు ఉన్నది. ఆ విద్యార్థి సాయంకాలాలు లాడ్ బజారు సమీపంలోని ఒక లక్క గాజుల కార్ఖానాలో పనిచేసి, ఇంటి అద్దెలో కొంత భాగం తానే కడుతున్నాడు. ఒకనాటి సాయంకాలం కాగిన లక్క వేళ్ళ మీద పడి అంటుకొనిపోయింది.

"ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళావు బేటా?" అని అడిగాను.

"పంతొమ్మిదో రోజున, సార్."

"అంతవరకూ ఏం చేశారు?"

"ఇంట్లోనే మందు రాశాం సార్. దాదీ తగ్గిపోతుందన్నది. పనికి పోకపోతే కూలి పోతుందని అబ్బా అన్నారు. చిటికెన వేలు, దాని పక్క వేలు వంగిపోతుంటే అప్పుడు వెళ్ళాం."

చార్మినారు నుండి బయలుదేరి పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్ దాటితే, మూసీ ఆవలి ఒడ్డున, హైకోర్టు భవనానికి ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనబడతవి. ఆ దూరం రెండు కిలోమీటర్లకు ఎక్కువ ఉండదు. నడిచి వెళ్ళినా అరగంట పని. ఆ అరగంట దారిని నా విద్యార్థి పంతొమ్మిది రోజులలో నడిచాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయమంతా ఆ పంతొమ్మిది రోజులను గురించే.

ప్లాస్టిక్ సర్జరీ అనే మాట వినగానే మనలో చాలామందికి సినిమా తారల ముక్కులు జ్ఞాపకం వస్తవి. మరికొందరు మన ఇండ్లలోని బకెట్ల వంటి పదార్థాన్ని శరీరంలో పెడతారని కూడా భ్రమపడతారు. నిజానికి ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి మలచుట, రూపమిచ్చుట అని అర్థం. కాలిన చేతికి చర్మం అతికించుట, తెగిన వేలిని మరల కలుపుట, చీలిన పెదవిని కూర్చుట, ఎముక బయటపడిన కాలికి కండను కప్పుట ఈ శాస్త్రం పనులు. ఇవి భోగుల అవసరాలు కావు. స్టవ్వు ముందు నిలిచే స్త్రీలకు, యంత్రాల ముందు కూర్చునే కార్మికులకు, ద్విచక్ర వాహనాల మీద తిరిగే యువకులకు ఇవి ఎక్కువగా కావలసి వస్తవి. కావున ప్లాస్టిక్ సర్జరీ పేదవాని సర్జరీ అని నేను సాహసించి చెప్పగలను.

ఈ సాహసం నాకు పుస్తకాల వలన వచ్చినది కాదు. మాది నల్లగొండ జిల్లా. 1998లో నాకు తొమ్మిదేండ్లు, నా చెల్లెలికి నాలుగేండ్లు. అమ్మీ అన్నం వార్చి పక్కన పెట్టిన గంజి గిన్నెలో చెల్లెలు చేయి పెట్టింది. ఇరుగు పొరుగు వారందరూ పరుగున వచ్చారు. ఒకరు సిరా పోశారు, ఒకరు పసుపు అద్దారు, ఒకరు పళ్ళపొడి ముద్ద తెచ్చారు. ప్రేమకు లోటు లేదు. కుండలో నీళ్ళు నిండుగా ఉన్నవి. ఆ నీళ్ళు చేతిపై పోయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మానిన తరువాత చూస్తే వేళ్ళు అరచేతిలోకి ముడుచుకొనిపోయి ఉన్నవి. అల్లా అంతే వ్రాశాడని పెద్దలు సమాధానపడ్డారు. ఏడేండ్లు గడిచిన తరువాత, 2005లో, ఒక డాక్టరు గారు చూసి ఆపరేషన్ చేస్తే చేయి కొంత బాగుపడుతుందన్నారు. రెండు ఆపరేషన్లు జరిగినవి. అబ్బా తన సైకిల్ షాపులోని అద్దె సైకిళ్ళన్నిటినీ అమ్మివేశారు. చెల్లెలి వేళ్ళలో మూడు తెరుచుకొన్నవి, రెండు తెరుచుకొనలేదు. నాలుగేండ్ల వయసులో ఇరవై నిమిషాల నీటితో, బహుశః ఒక చిన్న ఆపరేషన్‌తో పోయే ఆపదకు ఒక దుకాణం పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఏమిటో నేను అప్పుడు తెలుసుకొన్నాను.

కాలిన గాయం విషయంలో కాలం ఎట్లా పనిచేస్తుందో విద్యార్థులు శ్రద్ధగా గ్రహించవలెను. కాలిన వెంటనే చల్లని కుళాయి నీటిని ఇరవై నిమిషాల సేపు ధారగా పోస్తే వేడి లోపలి పొరలకు దిగకుండా ఆగుతుంది. మంచుగడ్డ పెట్టరాదు, మామూలు నీరే ఔషధం. ప్రమాదం జరిగిన మూడు గంటలలోపు ఎప్పుడు పోసినా ఈ నీటి వలన మేలు ఉన్నదని వైద్యులు చెబుతారు. ఇది మొదటి గడియారం, నిమిషాల గడియారం. రెండవది వారాల గడియారం. పైపొర మాత్రమే కాలితే రెండు వారాలలోపు చర్మం తనంతట తానే కమ్ముకొంటుంది, మచ్చ కూడా పెద్దగా మిగలదు. లోతుగా కాలిన చోట మూడు వారాలైనా మానదు. అట్లా ఆలస్యంగా మానిన చర్మం దళసరిగా, గట్టిగా తయారై కీళ్ళను తనవైపు లాగుతుంది. 1983లో ఎడ్విన్ డీచ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు తన సహచరులతో కలిసి కాలిన మచ్చలను పరిశీలించి ఒక లెక్క ప్రకటించాడు. 14 నుండి 21 రోజుల మధ్య మానిన గాయాలలో మూడింట ఒక వంతుకు మచ్చ దళసరి ఎక్కింది. 21 రోజులు దాటిన తరువాత మానిన వాటిలో 78 శాతానికి ఆ గతి పట్టింది.

అనగా మూడవ వారం ముగిసే నాటికి గాయం ఒక గీతను దాటుతున్నది. నా విద్యార్థి ఆసుపత్రి మెట్లెక్కినది పంతొమ్మిదవ రోజున.

ఆ గీత దాటకముందే ఏమి చేయవచ్చునో ప్రపంచానికి చూపినది ఒక మహిళ. నాటి యుగోస్లావియాలో, నేటి స్లొవేనియాలో, మరిబోర్ అనే చిన్న నగరపు డాక్టరు జోరా యాంజెకోవిచ్. అంతకు పూర్వం కాలిన చర్మం కుళ్ళి ఊడిపోయేవరకు వారాల తరబడి వేచి ఉండి, ఆ పిమ్మట చర్మం అతికించేవారు. ఆమె మొదటి కొద్ది రోజులలోనే మాడిన పొరను పలుచగా చెక్కివేసి, అడుగున సజీవమైన పొర కనబడిన వెంటనే కొత్త చర్మం అతికించారు. 1970లో ఆమె ప్రకటించిన ఈ పద్ధతి క్రమంగా అన్ని దేశాలకు వ్యాపించింది. ఈ పద్ధతికి కావలసినది అద్భుతమైన యంత్రం కాదు. కావలసినది రోగి సకాలంలో రావడం. పంతొమ్మిదవ రోజున వచ్చిన వానికి ఏ యాంజెకోవిచ్ అయినా ఆ మొదటి రోజులను తిరిగి ఇవ్వలేదు.

ఇక ఖర్చు సంగతి. ఆలస్యం వలన ఖర్చు పెరుగుతుందని ఎవరైనా అంటారు. ఎంత పెరుగుతుందో లెక్కించి చూపినవాడు అదే స్లొవేనియాకు చెందిన మరొక శస్త్రవైద్యుడు, ల్యుబ్‌ల్యానా నగరంలోని మార్కో గొదీనా. చేతులు కాళ్ళు నుజ్జయి, ఎముకలు బయటపడి, శరీరంలో మరొక చోటి నుండి కండను తెచ్చి సూక్ష్మదర్శిని సహాయంతో రక్తనాళాలు కలిపి కప్పవలసి వచ్చిన 532 మంది అనుభవాన్ని ఆయన 1986లో ప్రకటించాడు. 72 గంటలలోపు ఈ ఆపరేషన్ జరిగినవారిలో చీము పట్టినది 1.5 శాతం మందికి మాత్రమే. మూడు రోజులు దాటి మూడు నెలల లోపు జరిగినవారిలో 17.5 శాతం మందికి. మొదటి వర్గం వారు ఆసుపత్రిలో ఉన్నది సగటున 27 రోజులు, రెండవ వర్గం వారు 130 రోజులు. మొదటి వారికి మత్తుమందు ఇవ్వవలసి వచ్చినది సగటున 1.3 సార్లు, రెండవ వారికి 4.1 సార్లు. ఎముక అతకడానికి మొదటి వారికి ఏడు నెలల లోపే పట్టగా, రెండవ వారికి ఏడాది దాటింది. రోడ్డు ప్రమాదాల బాధితులకు ఇంత మేలు చేసిన గొదీనా అదే 1986లో కారు ప్రమాదంలోనే మరణించడం విధి విలాసం. తరువాతి కాలంలో గాయాన్ని శుభ్రంగా కాపాడే సాధనాలు మెరుగుపడినందున 72 గంటల నియమం కొంత సడలింది. కాని ఆయన చూపిన దిశ మారలేదు.

ఈ అంకెలను మన పాతబస్తీ లెక్కలోకి మార్చి చూడండి. 27కూ 130కీ మధ్య తేడా 103 రోజులు. రోగితో పాటు మంచం పక్కన ఒకరు ఉండక తప్పదు. కావున ఒక ఇంటిలో పోయినవి 206 పనిదినాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో మంచానికి అద్దె లేకపోవచ్చు, ఆపరేషన్ ఉచితం కావచ్చు. కాని ఈ 206 దినాల కూలిని ఏ ప్రభుత్వమూ తిరిగి చెల్లించదు. ఆటో కిరాయి, బయట తిన్న భోజనం, ఇంటి దగ్గర చిన్న పిల్లలను చూసుకొనడానికి బడి మానిన అక్క చదువు, ఇవి ఏ బిల్లులోనూ కనబడవు. ఆలస్యపు ఖర్చులో పెద్ద భాగం ఆసుపత్రి కౌంటరు వద్ద కాక ఇంటి లోపల చెల్లించబడుతున్నది.

కాలిన గాయాలకూ ప్రమాదాలకూ మాత్రమే గాక, ప్రతి గాయానికీ తనదైన గడియారం ఒకటి ఉన్నది. యంత్రంలో పడి తెగిన వేలు మామూలు వేడిలో సుమారు 12 గంటలు, చల్లగా ఉంచితే 24 గంటల వరకు అతికించడానికి పనికి వస్తుంది. కండ ఎక్కువగా ఉన్న చేయి, కాలు అయితే వేడిలో ఆరు గంటలే. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, పాలిథీన్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచి తీసుకొని పోవలెను. నేరుగా మంచు మీద పెట్టిన వేలు పాడైపోతుంది. సంక్రాంతి రోజులలో మాంజా దారం కోసిన వేళ్ళ సంగతి మన విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. వేలిని వంచే స్నాయువు తెగితే కొద్ది రోజులలో కుట్టడం సులభం. వారాలు గడిస్తే తెగిన కొస రబ్బరు వలె వెనుకకు ముడుచుకొనిపోతుంది. అప్పుడు మరొక చోటి నుండి స్నాయువును తెచ్చి వేయవలసి వస్తుంది, అందుకు తరచు రెండు ఆపరేషన్లు కావలెను. రక్తం ఆగింది కదా అని ఇంటిలో కూర్చున్నవాడు వేలు వంగకపోవడాన్ని నెల తరువాత గమనిస్తాడు.

పుట్టుకతో వచ్చే లోపాలకు నెలల గడియారం ఉన్నది. ఇక్కడ తెలుగు అధ్యాపకునిగా ఒక మాట. చీలిన పెదవిని మన భాషలో గ్రహణం మొర్రి అంటారు. గర్భవతి గ్రహణం చూసినందున ఇట్లా జరిగిందనే నమ్మకం ఆ మాటలోనే దాగి ఉన్నది. మతభేదం లేకుండా మన వీధులలో అందరి ఇండ్లలోనూ ఆ నమ్మకం వినబడుతుంది. సుమారు 700 నుండి 1000 జననాలలో ఒకటి చొప్పున ప్రపంచమంతటా కలిగే ఈ లోపానికి గ్రహణంతో ఎట్టి సంబంధమూ లేదు. గర్భంలో మొదటి మూడు నెలలలో ముఖభాగాలు కలియవలసిన చోట కలియకపోవడమే దీనికి కారణం. కాని ఒక పేరు ఎంత పని చేస్తుందో చూడండి. గ్రహణం వలన వచ్చినదని నమ్మిన తల్లి తనను తాను నిందించుకొని బిడ్డను కొంగు చాటున దాచుకొంటుంది. దాచుకొన్న బిడ్డకు మూడు నెలల వయసులో జరగవలసిన పెదవి ఆపరేషన్ జరగదు. అంగిలి చీలిన బిడ్డకు ఏడాదిన్నర నిండే లోపున, అనగా మాటలు కుదురుకొనే లోపున, జరగవలసినది కూడా తప్పిపోతుంది. పదేండ్లకు చేసినా పెదవి కలుస్తుంది. కాని ముక్కుతో పలికే పలుకు అప్పటికే స్థిరపడి ఉంటుంది. భాష బోధించేవానిగా నాకు ఈ నష్టం మిగిలిన అన్ని నష్టాల కంటె బాధాకరంగా తోస్తుంది. ఒక తప్పుడు మాట ఒక బిడ్డ మాటలను పోగొడుతున్నది.

త్వరపడడమే ఎల్లప్పుడూ మంచిదని మాత్రం నేను చెప్పడం లేదు. ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో ప్రసిద్ధి పొందిన రోగి మన దేశీయుడే. ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుబండి తోలే కావస్‌జీ అనే వానికి టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధకాలంలో ముక్కు కోయబడింది. సంవత్సరానికి పైగా ముక్కు లేకుండా గడిపిన తరువాత పూనా ప్రాంతపు సంప్రదాయ వైద్యుడొకడు నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు అమర్చాడు. 1794లో లండన్ పత్రికలో ఈ వృత్తాంతం వెలువడిన తరువాతనే ఐరోపా వైద్యులు ఆ విద్యను అభ్యసించారు. అక్కడ ఏడాది ఆలస్యం వలన ఫలితం చెడలేదు. అదే విధంగా ఎర్రగా, గట్టిగా ఉన్న కొత్త మచ్చను సరిచేయడానికి వైద్యులు తరచు ఒక సంవత్సరం ఆగమంటారు. మచ్చ పండి మెత్తబడిన తరువాత చేసిన పని బాగుంటుంది. కాని ఆగడం వేరు, ఆలస్యం వేరు. వైద్యుడు చూసి ఆగమంటే అది చికిత్సలో భాగం. వైద్యుడు చూడకముందే మనం ఆగితే అది ఆలస్యం. ఎప్పుడు ఆగవలెనో తెలుసుకొనడానికైనా ముందుగా వెళ్ళవలసినదే.

మరి ప్రజలు ఎందుకు వెళ్ళరు? అజ్ఞానం అని ఒక్క మాటతో తేల్చివేయడం మనకు అలవాటు. నేను అంగీకరించను. నా విద్యార్థి ఇంటిలో అడ్డు వచ్చినది కూలి. కాలిన స్త్రీల విషయంలో అడ్డు వచ్చేది చాలా సార్లు పోలీసు కేసు భయం. రాత్రి వేళ గాయమైతే "పొద్దున ఓపీకి పోదాం" అంటారు. క్యాజువాలిటీ ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుందనీ, అక్కడ చీటీ వరుసలో నిలువనక్కరలేదనీ గుర్తుకు రాదు. తెల్లకార్డు ఎక్కడ పెట్టామో వెదికే లోపల ఒక రోజు గడుస్తుంది.

వీటిలో కొన్ని భయాలకు చట్టం ఎప్పుడో సమాధానం చెప్పింది. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే ప్రాణరక్షణ ముందు, పోలీసు లాంఛనాలు తరువాత అని స్పష్టపరచింది. ప్రమాద బాధితుని ఆసుపత్రికి చేర్చిన దారిన పోయేవానికి రక్షణ కల్పిస్తూ 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ జరిగింది. అంబులెన్సు కోసం 108కి ఫోను చేసే సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే ప్రారంభమైంది. ఆరోగ్యశ్రీ పథకం 2007లో మూడు జిల్లాలలో మొదలై రాష్ట్రమంతటా విస్తరించింది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. అత్యవసర కేసులలో ఫోను ద్వారా అనుమతి పొందే ఏర్పాటు కూడా ఆ పథకంలో ఉన్నది. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో చర్మనిధి కూడా ఏర్పడింది. మరణానంతరం దానంగా లభించిన చర్మాన్ని అక్కడ భద్రపరచి, తీవ్రంగా కాలినవారి గాయాలను తాత్కాలికంగా కప్పడానికి ఉపయోగిస్తారు. నా చెల్లెలి ఆపరేషన్ నాటికి వీటిలో పథకం లేదు, చర్మనిధి లేదు. ఇప్పుడు ఉన్నవి. అయినా గాయానికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న కాలం మన ఇంటిలోనే ఖర్చు అవుతున్నది.

శస్త్రచికిత్సలో మత్తుమందు వాడకాన్ని పరీక్షించడానికి 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నది ఈ నగరంలోనే. 1908 మూసీ వరదలో కొట్టుకొనిపోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి స్థానంలో ఉస్మానియా భవనాన్ని నిర్మించుకొన్నది ఈ నగరమే. వైద్యం మన గుమ్మం ముందుకు వచ్చి వందేండ్లు దాటింది. మనం గుమ్మం దాటడమే మిగిలి ఉన్నది.

ఇప్పుడు మన కళాశాల సంగతి. కమిటీ పెద్దలు నన్ను మన్నించవలెను. నా విద్యార్థి గాయపడిన నాలుగవ రోజున అతని తండ్రి సహాయ నిధి కొరకు ఒక దరఖాస్తు ఇచ్చారు. నిబంధనల ప్రకారం దానిని తరువాతి నెల సమావేశంలో పరిశీలించి, ఏకగ్రీవంగా మంజూరు చేశారు. ఎవరి హృదయంలోనూ దయకు కొరత లేదు. కాని ఆ డబ్బు చేతికి అందేనాటికి మూడు వారాల గీత దాటిపోయింది. దరఖాస్తు ఇచ్చిన నాడే అందులో పదవ వంతు ఇచ్చి, "ఈ రోజు కూలి మేము ఇస్తాం, అబ్బాయిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి" అని ఉంటే బహుశః మిగిలిన తొమ్మిది వంతులు ఇవ్వవలసిన పని ఉండేది కాదు. మా ఊరిలో పసుపు అద్దిన పొరుగువారికీ మనకూ భేదం ఏమి ఉన్నది?

కావున మూడు విన్నపాలు చేసుకొంటున్నాను. మొదటిది, సహాయ నిధిలో ఒక చిన్న మొత్తాన్ని ప్రిన్సిపాలు గారి చేతిలో ఉంచి, గాయపడిన విద్యార్థికి ఏ అధ్యాపకుడు చెప్పినా అదే రోజున ఇచ్చే ఏర్పాటు చేయవలెను. రశీదులూ తీర్మానమూ తరువాత చూసుకొనవచ్చును. రెండవది, రసాయనశాస్త్ర ప్రయోగశాలలోని కుళాయి ఎల్లప్పుడూ పనిచేస్తూ ఉండవలెను. ఆమ్లం పడినా మంట తగిలినా మొదటి వైద్యుడు ఆ కుళాయియే. మూడవది, విద్యార్థుల బాధ్యత. కాలిన వెంటనే ఇరవై నిమిషాలు నీరు, తెగిన వేలికి తడిగుడ్డ, సంచి, మంచునీరు, మొర్రి బిడ్డకు మూడవ నెల, క్యాజువాలిటీకి వేళ లేదు అనే నాలుగు మాటలను ఉర్దూలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో వ్రాసి, లాడ్ బజారు కార్ఖానాలలో, హోటళ్ళ వంటశాలలలో, వెల్డింగ్ షాపులలో అతికించి రావలెను. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు మనమందరం గర్వపడ్డాం. ఆ గాజులను మలచే చేతులకు కూడా ఒక గుర్తింపు దక్కవలెను.

సామెతను గురించి మొదట చెప్పిన మాటకు తిరిగి వస్తాను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం వ్యర్థమని మన పూర్వులు అన్నారు. కాలకుండా జాగ్రత్తపడమని హెచ్చరించడానికి అది మంచి మాటే. కాని కాలిన చేతిని చూసి ఇక చేయగలిగినది లేదని కూర్చోవడానికి ఆ సామెతను వాడుకొంటే అది అబద్ధం. కాలిన తరువాత కూడా మొదటి ఇరవై నిమిషాలు ఉన్నవి, మొదటి మూడు రోజులు ఉన్నవి, మొదటి మూడు వారాలు ఉన్నవి. ఆ ఆకులను ఆ వేళల్లో పట్టుకొన్నవాని చేయి నిలుస్తుంది.

నా విద్యార్థికి సహాయకుని అనుమతించారు. అతడు పరీక్ష వ్రాయించి ఉత్తీర్ణుడయ్యాడు. చేతికి ఒక ఆపరేషన్ జరిగింది, మరొకటి జరగవలసి ఉన్నది. మొన్న కారిడారులో కనబడినప్పుడు కుడిచేయి ఎత్తి సలాం చేశాడు. రెండు వేళ్ళు ఇంకా వంగియే ఉన్నవి. నేను సలాం అందుకొని తరగతికి నడిచాను. ఆనాటి పాఠంలో సామెతలు లేవు. అయినా పాఠం ప్రారంభించే ముందు కాలిన చేతికి ఏమి చేయవలెనో విద్యార్థులందరి చేతా ఒకసారి చెప్పించాను.